అణువణువూ, ఒక్కో అణువూ

పిల్లల కోసం జీవశాస్త్ర పాఠాలు తెలుగులో రాస్తున్నాను. 'సింగిల్ మాలిక్యూల్' పరిశోధన, అంటే అణువులను గుంపుగా కాక విడివిడిగా చూసే పరిశోధన దగ్గర ఆగిపోయాను. దానికి తెలుగులో సరైన పేరు దొరకడం లేదు. మీ సలహా కావాలి.

'ఏకాణువు' అంటే ఏకకణజీవిలాగా అదేదో ప్రత్యేకమైన పదార్థం అనిపిస్తోంది. ఒంటెద్దు బండి, ఒంటిస్తంభం మేడ ఉన్నాయి కదా అని 'ఒంటి అణువు' అని రాశాను. మా అబ్బాయి చదివి "ఒంట్లో ఉండే అణువా?" అన్నాడు. కొట్టేశాను. ఇంటింటి సర్వేలాగా 'అణువణువు పరిశీలన' అందామంటే, అణువణువునా అనగానే మనకు అంతటా నిండి ఉండటమే తోస్తుంది. ఇక్కడ కావలసింది గుంపులోంచి విడదీసి చూడటం.

పాఠంలో ఉదాహరణ కైనెసిన్. కణంలో సరుకులు మోసే ప్రోటీన్ ఇది. మైక్రోట్యూబ్యూల్ అనే సన్నని పట్టా మీద నడుస్తుంది. 1993లో అమెరికాలో కొందరు శాస్త్రవేత్తలు చిన్న పూసకు కైనెసిన్ అంటించి, ఆ పూసను లేజర్ కాంతితో పట్టి చూశారు. కైనెసిన్ జారుతూ పోవడం లేదు, 8 నానోమీటర్ల చొప్పున అంగలు వేస్తోంది! వెంట్రుక మందంలో సుమారు పదివేలో వంతు. కోట్లాది అణువుల సగటు తీస్తే వేగం తెలుస్తుంది కానీ అడుగు కనిపించదు, ఎవరి అడుగు వాళ్ళది కాబట్టి. అలిపిరి మెట్ల దారిలో జనాన్ని దూరం నుంచి చూస్తే ప్రవాహమే. ఒకరి వెంట నడిస్తేనే ఆయన ఏ మెట్టు మీద ఆగాడో తెలుస్తుంది.

స్పందన: 'ఒక్క అణువు' అంటే సరిపోదా అండీ? అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలు కదా.

జవాబు: మీ మెతుకుతోనే నా చిక్కు విడిపోయిందండీ, ధన్యవాదాలు. మెతుకులన్నీ ఒకేలా ఉడుకుతాయి కాబట్టి ఒక్కటి చాలు. అణువులు అలా కాదు. ఒకే రకం ప్రోటీన్ అయినా ఒకటి నడుస్తుంటే ఇంకొకటి ఆగి ఉంటుంది, మరొకటి పట్టా వదిలేసి ఉంటుంది. అందుకే ఒకదాన్ని చూసి ఊరుకోరు, ఒకదాని తర్వాత ఒకటిగా వందలు చూస్తారు. బియ్యంలో రాళ్ళు ఏరేటప్పుడు ఒక్కో గింజా చూసినట్టు. 'ఒక్క' కాదు, 'ఒక్కో'. పాఠం పేరు 'ఒక్కో అణువునూ చూస్తే' అని మార్చేశాను.