పిల్లలు నెల్లూరులో, నాన్న దుబాయ్‌లో: కొత్తగా వచ్చాను, సలహా చెప్పండి

ఈ మధ్యే దుబాయ్ వచ్చాను. మా ఆవిడ, పిల్లలు నెల్లూరులో ఉన్నారు. పాపకు ఆరేళ్లు, బాబుకు ఏడాది దాటింది. వాట్సాప్ కాల్ కలవడం లేదు. మామూలు ఫోన్ చేస్తే పాప రెండు మాటలు మాట్లాడి ఆటకు వెళ్లిపోతోంది. సైట్ పనుల మీద తిరగడం మొదలైతే నన్ను మర్చిపోతారేమోనని టెన్షన్‌గా ఉంది.

కావలి, ప్రస్తుతం షార్జా:

తమ్ముడూ, ముందు ఫోన్ సంగతి తేల్చుకోండి. యూఏఈలో వాట్సాప్ మెసేజ్‌లు, వాయిస్ మెసేజ్‌లు పోతాయి గానీ కాల్స్ బ్లాక్. బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్ వాడండి. ఇంట్లో ఫోన్‌లోనూ అది ఉండాలి. ఎవరో చెప్పారని ఈ బ్లాక్ దాటించే వీపీఎన్ యాప్‌ల జోలికి పోవద్దు, జరిమానాలు కట్టలేం.

మనకూ ఇంటికీ తేడా గంటన్నరే, అది మన అదృష్టం. ఇక్కడ సాయంత్రం ఆరున్నరైతే అక్కడ ఎనిమిది, పిల్లలు అన్నం తినే వేళ. అప్పుడే చేయండి. "తిన్నావా, హోంవర్క్ చేశావా, అమ్మ మాట వింటున్నావా" అని వరసగా అడిగితే ఏ పిల్లయినా పారిపోతుంది. ఫోన్‌ను చెంబుకు ఆనించి పెట్టమనండి, మీరూ కంచం ముందు కూర్చోండి. కాసేపు ఎవరూ మాట్లాడకపోయినా పర్వాలేదు. వాళ్లమ్మ చేప ముక్కలో ముళ్లు తీసి పెడుతుంటే, క్లాసులో తన పెన్సిల్ ఎవరు తీసుకున్నారో పాప తనంతట తానే చెబుతుంది. మర్నాడు మీరే అడగండి, "ఆ పెన్సిల్ తిరిగి ఇచ్చిందా?" అని. ఇక చూడండి, ఎన్ని కబుర్లు చెబుతుందో.

బాబు చిన్నవాడని వదిలేయొద్దు. పసిపిల్లలకు స్క్రీన్ వద్దనే అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా 2016లో ఇచ్చిన సూచనల్లో వీడియో కాల్‌ను మినహాయించింది. పక్కన పెద్దవాళ్లు కూర్చుని "అదిగో నాన్న" అని చూపిస్తుండాలి.

శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం ఉన్న రోజు మాత్రం ఎలాగైనా వీలు చేసుకోండి. మబ్బు లేకపోతే నెల్లూరులో మిద్దె మీద నుంచే కనబడుతుంది. పాప మిద్దె మీద, మీరు ఇస్రో లైవ్ ముందు. లైవ్ కాస్త ఆలస్యంగా వస్తుంది కాబట్టి ఒక్కోసారి మీకంటే ముందు పాపకే కనబడుతుంది. "నాన్నా, అదిగో!" అని అరుస్తుంది చూడండి, ఆ గొంతు విని తీరాలి.

ఒంగోలు, ప్రస్తుతం కువైట్:

తమ్ముడూ, అన్న చెప్పినవన్నీ నిజమే. మరదలికి ఒక్క మాట చెప్పు. అల్లరి చేస్తే "నాన్నకు చెబుతా" అని బెదిరించొద్దని. అలా చేస్తే ఫోన్ మోగగానే పిల్లలు దాక్కుంటారు.

లీవు ఖాయమై టికెట్ చేతికొచ్చేదాకా ఫలానా రోజు వస్తానని పాపతో అనొద్దు. పెద్దవాళ్లం సర్దుకుంటాం, పిల్లలు రోజూ గేటు దగ్గరికెళ్లి చూస్తారు. కాల్ కుదరని రోజుంటే ముందే ఒక చిన్న కథ వాయిస్ మెసేజ్ పెట్టు. అందులో పాప పేరు, బాబు పేరు ఉండాలి. కొత్త కథ కోసం తంటాలు పడొద్దు. మా వాడు ఒకే కథ మళ్లీ మళ్లీ పెట్టించుకుని వింటాడు.