కళ్ళప్పగించి చూడటం తప్పా?

"కళ్ళప్పగించి చూడటం" తిట్టా, మెప్పా అని ఇక్కడ ఒకరు అడిగారు. జవాబుల్లో ఎక్కువ తిట్టు వైపే మొగ్గాయి. "పని మానేసి ఏంటలా కళ్ళప్పగించి చూస్తున్నావ్?" అని పెద్దవాళ్లు కసిరే వాడుకే అందరికీ ముందు గుర్తొచ్చింది. ఆ వాడుక ఉంది, కాదనను. కానీ మబ్బునో చెట్టునో చూస్తూ నిలబడిపోయిన పిల్లల చూపుకి ఇంతకంటే సరిపోయే మాట తెలుగులో నాకు కనబడలేదు.

కిటుకంతా "అప్పగించు"లో ఉంది. ఇవ్వడం వేరు, అప్పగించడం వేరు. పుస్తకం ఇస్తాం, సలహా ఇస్తాం. ఊరెళ్తూ ఇంటి తాళాలు అప్పగిస్తాం, పదవి దిగిపోతూ బాధ్యతలు అప్పగిస్తాం. అప్పగించాక దాని బాగోగులు తీసుకున్నవాళ్ల పూచీ, మనకి ఆ బరువు దిగిపోతుంది. కళ్ళప్పగించిన మనిషీ అంతే. ఎటు చూడాలో తను నిర్ణయించడు. చీమల బారు ఎటు పోతే చూపు అటు పోతుంది.

కంటికి సంబంధించిన మిగతా పలుకుబళ్లు పక్కన పెట్టి చూడండి. కన్నేసి ఉంచడంలో అనుమానం ఉంది. కన్ను పడటంలో ఆశ ఉంది. కళ్ళలో వత్తులు వేసుకోవడంలో ఎవరో రావాలన్న ఆరాటం, కనిపెట్టుకుని ఉండటంలో బాధ్యత. అన్నిట్లోనూ చూపుకి ఏదో ఒక పని పెట్టేశాం. పనేమీ లేని చూపు ఈ ఒక్క మాటలోనే మిగిలింది. పెద్దవాళ్లకి అది సోమరితనంలా కనబడి కసిరారేమో. నాకైతే అది మన పలుకుబళ్లలో ఉన్న గొప్ప ఆస్తి అనిపిస్తుంది.

"అబ్బురం ఉండగా ఇదెందుకు" అన్న వ్యాఖ్య కూడా చదివాను. అబ్బురం చక్కటి మాటే. అద్భుతానికి వికృతి, ఆశ్చర్యానికి అచ్చెరువు ఎలాగో అలాగ. రోజువారీ మాటల్లోకి మళ్లీ రావాలని నేనూ కోరుకుంటాను. కాకపోతే అది లోపల కలిగే భావానికి పేరు. కళ్ళప్పగించడం బయటికి కనబడేది. ఈ తేడాని నాట్యశాస్త్రం ఏనాడో పట్టుకుంది. అద్భుత రసానికి విస్మయం స్థాయిభావం, అంటే లోపల నిలిచి ఉండే మూల భావం. దాన్ని పైకి చూపే అనుభావాల్లో నయన విస్తారం, అనిమిష ప్రేక్షణం ఉన్నాయి. అంటే కళ్ళు విప్పారడం, రెప్ప వేయకుండా చూడటం. మన జనం మాట కూర్చునేది సరిగ్గా ఆ చోటే.

పిల్లలు ఊరికే చూసి ఊరుకోరు, వేలు కూడా పెడతారు. చీమల బారుకి అడ్డంగా వేలితో ఒక గీత గీస్తారు. చీమలు అక్కడ ఆగి, అటూ ఇటూ తడుముకుని, కాసేపటికి మళ్లీ దారి కలుపుకుంటాయి. అవి నేలమీద వాసన గుర్తులు వదులుతూ నడుస్తాయి, వేలు ఆ గుర్తుల్ని చెరిపేస్తుంది. ఇది తెలిశాక వింత తగ్గిపోతుందని కొందరంటారు. నేను ఒప్పుకోను. అత్తిపత్తినే తీసుకోండి. ముట్టుకోగానే ఆకు మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే భాగంలోని కణాల నుంచి నీరు బయటికి పోతుంది, బిగువు తగ్గుతుంది, ఆకు వాలిపోతుంది. కండరం అన్నదే లేకుండా, ఒంట్లో నీటిని అటూ ఇటూ జరిపి కదిలే ప్రాణి! ఇది తెలిసిన రోజు నుంచి ఆ మొక్క దగ్గర నేను ఇంకాస్త ఎక్కువసేపు ఆగుతున్నాను. (రాత్రి ఆకులు ముడిచే చెట్టుకి నిద్రగన్నేరు అని పేరు పెట్టినవాళ్లు ఎవరో గానీ, వాళ్లూ బాగా కళ్ళప్పగించినవాళ్లే.)

ఇందులో ప్రశాంతత ఎక్కడ అన్నది ఇంకో ప్రశ్న. మనం పట్టుబట్టి పెట్టే ధ్యాసని, దానంతటదే నిలిచే ధ్యాసని అమెరికా మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1890లోనే వేరు చేసి చెప్పాడు. ఆ దారిలోనే రేచల్ కప్లాన్, స్టీఫెన్ కప్లాన్ అనే మనస్తత్వవేత్తలు 1989లో వెలువడిన తమ పుస్తకంలో ఒక వివరణ ఇచ్చారు. పనిలో, చదువులో, ట్రాఫిక్‌లో పట్టుబట్టి పెట్టే ధ్యాస అలసిపోతుంది. కదిలే ఆకులు, మబ్బులు, పారే నీళ్లు మనసుని మెత్తగా పట్టి ఉంచుతాయి, ఆలోచనలకీ చోటు మిగులుస్తాయి. ఆ కాసేపట్లో అలసిన ధ్యాస తేరుకుంటుంది. ఫోన్ తెర కూడా కళ్ళని పట్టేస్తుంది కదా అంటారా? పట్టేస్తుంది, నిజమే. కానీ అక్కడ కళ్ళు మనం అప్పగించినవి కావు, లాక్కున్నవి. చూశాక తల తేలికపడిందా, ఇంకా బరువెక్కిందా అన్నదాన్ని బట్టే తేడా తెలిసిపోతుంది.

ఇక తిట్టా, మెప్పా అన్న అసలు ప్రశ్నకి నా జవాబు: ఎదురుగా ఉన్నదాన్ని బట్టి. ఎవరో కింద పడిపోతుంటే కళ్ళప్పగించి చూసినవాడికి ఆ మాట తిట్టే. హరివిల్లుని చూసేవాడికి అదే మాట మెప్పు కావాలి. నిఘంటువుల్లో, పిల్లల పాఠాల్లో ఈ రెండో వాడుకకి కూడా ఒక ఉదాహరణ వాక్యం చేర్చాలని నా కోరిక.

ఒక విషయం మీ అందరినీ అడగాలి. చెవులప్పగించి వినడం ఉంది, మనసప్పగించడం ఉంది. ముక్కు సంగతేంటి? తొలి చినుకులకి నేల నుంచి లేచే వాసనకి 1964లో ఇసాబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పెట్రికోర్ అని పేరు పెట్టారు. మనకి మట్టివాసన అన్న పేరు ఉండనే ఉంది. కానీ ఆ వాసనకి ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయి ఊపిరి నిండా పీల్చుకునే తీరుకి మీ ఇళ్లలో, మీ పెద్దల నోట ఏదైనా పలుకుబడి విన్నారా? వింటే వాక్యంతో సహా రాయండి.