గణాంక సంస్థ డ్యాష్‌బోర్డులు కట్టాలా, ఫైళ్లు ఇచ్చి ఊరుకోవాలా?

పట్టికరాయుడు

అధికారిక గణాంకాలు విడుదల చేసే సంస్థల్లో మనుషులూ డబ్బూ ఎప్పుడూ చాలవు. ఉన్న కాస్తా దేనికి ఖర్చు పెట్టాలి? వేలు పెడితే అంకె చూపించే మ్యాపులకా, లేక శుభ్రమైన సీఎస్‌వీ ఫైళ్లు (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ పట్టికలు), ఏపీఐ (ప్రోగ్రాములు నేరుగా అంకెలు అడిగి తెచ్చుకునే దారి), వివరణ పత్రాలకా?

నా ఓటు రెండోదానికే. కారణం ఆయుష్షు. 2006లో స్వీడన్ ప్రొఫెసర్ హాన్స్ రోస్లింగ్ కదిలే బుడగలతో దేశాల ఆయుర్దాయాన్నీ కుటుంబాల పరిమాణాన్నీ చూపించి అందరినీ కట్టిపడేశారు. దాని వెనకున్న ట్రెండలైజర్ అనే సాఫ్ట్‌వేర్‌ను 2007లో గూగుల్ కొనుక్కుంది. ఆ ఊపులో ఫ్లాష్ (బ్రౌజరులో కదిలే బొమ్మలు నడిపే అడోబీ సాఫ్ట్‌వేర్) మీద ఎన్నో బుడగల గ్రాఫులు పుట్టుకొచ్చాయి. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కి మద్దతు ఆగింది. మళ్లీ రాసుకోనివన్నీ ఖాళీ డబ్బాలుగా మిగిలాయి. అంతకుముందెప్పుడో దాచిన సీఎస్‌వీని ఇవాళ నోట్‌ప్యాడ్‌లో తెరవండి, ఇబ్బందేమీ ఉండదు.

గ్రాఫులు గీసేవాళ్లు బయట బోలెడు మంది. నమ్మదగ్గ అంకె ఇవ్వగలిగింది మాత్రం ఆ సంస్థ ఒక్కటే.

రేఖాచిత్ర

రాయుడు గారూ, నోట్‌ప్యాడ్‌లో సీఎస్‌వీ తెరిచేవాళ్లు ఎంతమందండీ? జనం చేసేది డబుల్ క్లిక్, తెరుచుకునేది ఎక్సెల్. అక్కడ ఏం జరుగుతుందో చూడండి. ప్రాంతం కోడ్ 0412 కాస్తా 412 అవుతుంది. వయసు కాలమ్‌లో 0-4 అలాగే ఉంటుంది, 15-19 అలాగే ఉంటుంది, మధ్యలో 5-9 మాత్రం తేదీగా మారిపోతుంది. నెల ముందు రాసే సెట్టింగ్ ఉన్న కంప్యూటర్లో 10-14 కూడా అక్టోబరు 14 అయి కూర్చుంటుంది. సేవ్ నొక్కితే పాతది పోయినట్టే. యూటీఎఫ్-8 (అన్ని లిపులూ దాచే ఎన్‌కోడింగ్) ఫైలు మొదట్లో బీవోఎం అనే మూడు బైట్ల గుర్తు లేకపోతే తెలుగు పేర్లు చెత్త అక్షరాలవుతాయి.

పైగా సంస్థ గీయకపోతే గ్రాఫే ఉండదనుకోవడం భ్రమ. ఎవరో ఒకరు గీస్తారు. 94, 96 అనే రెండు కడ్డీలకి అక్షాన్ని 93 దగ్గర మొదలుపెట్టి, ఒకటి రెండోదానికి మూడింతలన్నట్టు చూపిస్తారు. అంకెల్ని తప్పుగా వాడినప్పుడు వ్యాఖ్యానించే హక్కు గణాంక సంస్థలకుందని ఐక్యరాజ్యసమితి మౌలిక సూత్రాల్లో నాలుగోది చెబుతోంది (1994లో గణాంక కమిషన్, 2014లో సర్వప్రతినిధి సభ ఆమోదించాయి). రోజూ ఖండనలు రాసుకుంటూ కూర్చునే బదులు ముందే ఒక సరైన బొమ్మ ఇవ్వడం నయం కదా.

పట్టికరాయుడు

మీరు చెప్పినవన్నీ ఫైలు సరిగా తయారుచేయకపోవడం వల్ల వచ్చేవి. వయసుకి 5-9 అని రాయకుండా ఎస్‌డీఎమ్‌ఎక్స్ (గణాంకాల మార్పిడికి వాడే అంతర్జాతీయ ప్రమాణం) కోడ్ జాబితాల పద్ధతిలో వై5టీ9 (Y5T9) అని రాస్తే ఏ ఎక్సెలూ దాన్ని తేదీ అనుకోదు. ప్రాంతం కోడ్ ముందు ఒక అక్షరం చేరిస్తే సున్నాలు పోవు. బీవోఎం పెట్టడానికి ఒక్క లైను చాలు. సీఎస్‌వీతో పాటు, కోడ్ కాలమ్‌లను ముందే టెక్స్ట్‌గా మార్చిన ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ (ఎక్సెల్ కొత్త ఫార్మాట్) ఫైలు కూడా ఇవ్వండి.

ఎక్సెల్ పాత ఫార్మాట్ ఎక్స్‌ఎల్‌ఎస్ మాత్రం వద్దే వద్దు. దాని పరిమితి 65,536 వరుసలు, కొత్తదానికి 10,48,576. ఈ తేడా వల్లే 2020లో ఇంగ్లండ్‌లో సెప్టెంబరు 25, అక్టోబరు 2 మధ్య 15,841 కోవిడ్ కేసులు రోజువారీ లెక్కలోకి ఎక్కలేదు. పట్టని వరుసలు జారిపోయాయి, ఆ సంగతి వెంటనే ఎవరికీ తెలియలేదు. మెరిసే గ్రాఫు కింద ఇలాంటి పునాది ఉంటే మెరుపు ఎందుకు?

గోప్యం

ఇద్దరూ వదిలేసిన విషయం ఒకటుంది. జనం తమకు కావలసిన పట్టికను తామే అల్లుకునే పరికరం గోప్యతకి పెద్ద చిల్లు.

ఒక ప్రాంతంలో 40 మంది ఉద్యోగులు. మూడు రంగాల్లో 22, 15, 3. ఐదులోపు అంకెలు దాచాలన్నది నియమం, కాబట్టి 3 బదులు చుక్క పెట్టారు. మొత్తం 40 పక్కనే ఉంది. తీసివేత వచ్చిన పిల్లాడు కూడా 3 అని చెప్పేస్తాడు. అందుకే 15ను కూడా దాచాలి. దీన్నే రెండో విడత దాపు అంటారు. ముందే అచ్చయ్యే పట్టికకైతే ఇది ఒక్కసారి చేసే పని. నెదర్లాండ్స్ గణాంక సంస్థ తయారుచేసిన టావు-ఆర్గస్ లాంటి సాఫ్ట్‌వేర్ ఏ గడులు దాచాలో లెక్కగట్టి చెబుతుంది.

అప్పటికప్పుడు పట్టిక కట్టే పరికరంలో ఆ పప్పులుడకవు. ఒకసారి 15–64 వయసు అడగండి, మరోసారి 15–65 అడగండి, తీసివేయండి. సరిగ్గా 65 ఏళ్లవాళ్లు బయటపడతారు. రెండు జవాబులూ పెద్ద అంకెలే, ఏ నియమమూ అడ్డుపడలేదు. చిన్న ప్రాంతంలో ఆ తేడా ఒకటి అయితే దొరికింది ఒక మనిషి.

దీనికి వాడుకలో ఉన్న మందు గడి-కీ పద్ధతి. ప్రతి రికార్డుకీ ముందే ఒక యాదృచ్ఛిక సంఖ్య ఇస్తారు. ఒక గడిలో పడ్డ రికార్డుల సంఖ్యల్ని కలిపి, దాన్నిబట్టి గడి విలువను కాస్త అటో ఇటో జరుపుతారు. అదే మనుషులున్న గడిని వందసార్లు అడిగినా అదే జవాబొస్తుంది కాబట్టి, సగటు తీసి అసలు అంకె పట్టుకోవడం కుదరదు. ఆస్ట్రేలియా సంస్థ టేబుల్‌బిల్డర్‌లోనూ, ఇంగ్లండ్-వేల్స్ 2021 జనగణనలోనూ వాడింది ఈ పద్ధతే. దీనికి చెల్లించే మూల్యం: 23, 14, 2 కలిపితే 39, మొత్తం గడిలో 40. పట్టిక పక్కనే కారణం రాయకపోతే "కూడిక కూడా రాదా?" అన్న ఉత్తరాలు వరదలా వస్తాయి.

రేఖాచిత్ర

ఒప్పుకుంటాను. ఎవరికి వారు అల్లుకునే పట్టికలు నేను అడగడం లేదు. ముందే ఖరారైన అంకెల మీద, బాగా ఆలోచించి గీసిన కొద్దిపాటి గ్రాఫులు చాలు. ఆ ఆలోచన ఎందుకు సంస్థే చేయాలంటే ఒక మచ్చు చూడండి. పది ప్రాంతాల రేట్లు: 2, 3, 4, 5, 6, 7, 8, 9, 10, 52. మ్యాపుకి ఐదు రంగులు. సమాన అంతరాలతో విభజిస్తే మొదటి తొమ్మిదీ ఒకే రంగు, 52 ఒక్కటీ చివరి రంగు, మధ్య మూడు రంగులూ ఖాళీ. సమాన సంఖ్యలో ప్రాంతాలు పడేలా విభజిస్తే 10కీ 52కీ ఒకే రంగు. మొదటి మ్యాపు "ఒక్కచోట తప్ప అంతా బాగుంది" అంటుంది, రెండోది ఆ ఒక్కచోటునే దాచేస్తుంది. రెండూ అబద్ధాలు కావు. 52ను విడిగా ఉంచి, మిగిలిన తొమ్మిదినీ నాలుగు రంగులకి పంచాలన్నది ఆ 52 ఎందుకొచ్చిందో తెలిసినవాళ్లకే తడుతుంది.

ఇక రేట్లు కాకుండా మొత్తం సంఖ్యలకి రంగులేస్తే వచ్చేది దాదాపు జనాభా మ్యాపే. జనం ఎక్కువున్నచోట ఏ సంఖ్యయినా ఎక్కువే ఉంటుంది కదా.

ఏపీఐ_దాసు

ఫైలూ ఏపీఐ ఇస్తే చాలనే రాయుడు గారికి రెండు మాటలు. ప్రపంచ బ్యాంకు ఏపీఐని ఏ షరతూ పెట్టకుండా అడిగితే జవాబు ఎక్స్‌ఎమ్‌ఎల్ అనే ఫార్మాట్‌లో వస్తుంది, పేజీకి 50 వరుసలే వస్తాయి. వాడటానికి తేలికైన జేసన్ ఫార్మాట్ కావాలని అడగాలి, పేజీ పరిమాణం పెంచాలి. జవాబు తల భాగంలో మొత్తం పేజీలెన్నో రాసే ఉంటుంది, చదివేవాళ్లు తక్కువ. మొదటి 50 వరుసలే ప్రపంచమనుకుని గ్రాఫు గీస్తారు.

రెండోది గుర్తులు. యూరోస్టాట్ (ఐరోపా సమాఖ్య గణాంక సంస్థ) టీఎస్‌వీ ఫైళ్లలో (కామాల బదులు ట్యాబులతో విడదీసినవి) అంకె పక్కనే, అదే గడిలో, ఒక అక్షరం ఉండొచ్చు. పీ (p) అంటే తాత్కాలికం, ఈ (e) అంటే అంచనా, బీ (b) అంటే శ్రేణిలో విరుపు, అంటే అక్కడినుంచి నిర్వచనమో పద్ధతో మారింది. విలువ లేకపోతే రెండు చుక్కలు (:). ప్రోగ్రాము ఆ గడిని సంఖ్యగా మార్చబోతే కుదరదు. తొందరలో రాసిన కోడ్ అలాంటి గడులన్నీ ఖాళీ చేసేస్తుంది, లేదా అక్షరాన్ని గీకేసి అంకె ఉంచుకుంటుంది. రెండోదే ప్రమాదం. బీ ఉన్న సంవత్సరం మీదుగా గీత ఆపకుండా లాగితే, నిర్వచనం మారడం వల్ల వచ్చిన ఎగుడు నిరుద్యోగం పెరిగినట్టు కనిపిస్తుంది. అందుకే అంకెకొక కాలమ్, గుర్తుకొక కాలమ్ ఉండాలి, గ్రాఫులో అక్కడ గీత తెగాలి.

డ్యాష్‌బోర్డు పక్షానికి కూడా ఒక చురక: మీ గ్రాఫులో కనిపించేది ఇవాళ్టి అంకె ఒక్కటే. జీడీపీ లాంటివి పదేపదే సవరిస్తారు. నిరుడు ఒక వ్యాసంలో వాడిన అంకె ఇవాళ మీ దగ్గర కనిపించకపోతే రాసినవాళ్లు దొంగలవుతారు. ప్రతి విడుదల ఫైలూ పేరులో తేదీతో శాశ్వతంగా ఉండాలి, దాంతోపాటు ఎప్పుడూ తాజాదానికి వెళ్లే లింకు ఒకటి. పాత ఫైలు మీద కొత్తది చడీచప్పుడు లేకుండా రుద్దడం అన్నిటికన్నా పెద్ద పాపం.

పట్టికరాయుడు

సరే, మూడు షరతుల మీద గ్రాఫుకి ఒప్పుకుంటాను. ఒకటి, గ్రాఫు చదివేది జనానికి ఇచ్చిన ఆ ఫైలునే, దానికి వేరే డేటాబేస్ ఉండకూడదు. రెండు దారులుంటే ఏదో ఒక విడుదల రోజున రెండు అంకెలొస్తాయి. రెండు, ఎంచుకున్న ప్రాంతం, ఏడాది అన్నీ లింకులోనే ఉండాలి, ఆ లింకు పంపితే అవతలివాళ్లకీ అదే కనబడాలి. మూడు, జావాస్క్రిప్ట్ నడవకపోయినా కింద మామూలు పట్టిక కనిపించాలి. స్క్రీన్ రీడర్ (తెర మీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లకీ అదే ఆధారం.

రేఖాచిత్ర

మూడూ సమ్మతమే, మొదటిదానికి ఒక సవరణతో. పెద్ద ఫైలంతా ఫోనుకి పంపలేం. విడుదల సమయంలోనే అదే స్క్రిప్టుతో చిన్న ముక్కలు కోసిపెట్టుకోవాలి. పాత ముక్కలు బ్రౌజరు క్యాష్‌లో (తాత్కాలిక నిల్వలో) ఉండిపోతే కొందరికి పాత అంకె, కొందరికి కొత్తది కనబడుతుంది. కాబట్టి ముక్కల పేర్లలో కూడా విడుదల తేదీ తప్పనిసరి.

గోప్యం గారూ, ఒక సందేహం. దాచిన గడులకి మ్యాపులో ఏ రంగు వేయమంటారు? చాలాచోట్ల తెలుపు వేస్తున్నారు.

గోప్యం

తెలుపు వద్దు, అన్నిటికన్నా లేత రంగూ వద్దు. రెండింటినీ జనం సున్నా అనుకుంటారు. బూడిద రంగు మీద అడ్డగీతలు వేయండి, సూచికలో "దాచాం" అని రాయండి. "సమాచారం లేదు" అన్నదానికి గీతలు లేని బూడిద రంగు. సున్నా నిజంగా సున్నా అయితేనే లేత రంగు. ఫైల్లోనూ ఈ మూడూ వేర్వేరు గుర్తులుగా ఉండాలి. గడిని ఖాళీగా వదిలేస్తే ఎక్సెల్ కూడేటప్పుడు పట్టించుకోదు, గుణించేటప్పుడు సున్నాగా తీసుకుంటుంది. ఇంకోటి, వేలు పెడితే వచ్చే చిన్న పెట్టెను కూడా ఓసారి చూసుకోండి. మ్యాపులో గీతలు వేసి, పెట్టెలో అసలు 3 అనే అంకె చూపించే పేజీలున్నాయి. పెట్టెలో కూడా తీసేసినా, బ్రౌజరుకి పంపిన ఫైల్లో ఆ అంకె మిగిలిపోతే దాచనట్టే లెక్క.