ఫ్రెంచ్ క్రియని సిలబుల్స్‌గా విడగొట్టాలా, ధాతువు-ప్రత్యయాలుగానా?

ఇంటర్ విద్యార్థి: నమస్తే అండీ. సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచ్ తీసుకున్నా. 'ఫినిస్యోం' (మేం ముగిస్తూ ఉండేవాళ్లం) లాంటి రూపాలు చూస్తేనే టెన్షన్. ట్యూషన్ సార్ ఫి-ని-స్యోం అని చప్పట్లు కొడుతూ నేర్చుకోమంటారు. మా అక్క ధాతువు, ప్రత్యయం విడదీయమంటుంది. ఏది సరి?

వ్యాకరణప్రియ: మీ అక్క చెప్పిందే సరి తమ్ముడూ. ఫిన్ + ఇస్ + ఇ + ఓం. ఫిన్ ధాతువు, ఇస్ ఈ రకం క్రియల్లో మధ్యలో వచ్చే ముక్క, ఇ గతకాలానిది, ఓం 'మేము'. ఇప్పుడు 'స్యోం' అన్న ఒక్క అక్షరాన్ని చూడు. అందులో స్ 'ఇస్' నుంచి వచ్చింది, య కాలాన్ని చెప్పే 'ఇ', మిగిలింది 'మేము'. ఒక్క చప్పట్లో మూడు సంగతులు మునిగిపోయాయి! మనకిది కొత్తేం కాదు. రా-స్తు-న్నా-ను అని పలుకుతాం కానీ, అది రాస్తు + ఉన్నాను, ఉత్వసంధి అని బడిలోనే చదువుకున్నాం. సంధి విడదీయడం వచ్చినవాడికి ఫ్రెంచ్ క్రియ భయపెట్టదు.

ఇంకోటి. 'పార్లెరే' (మాట్లాడతాను) అంటే పార్లెర్ (మాట్లాడడం) + ఏ (నాకు ఉంది). లాటిన్ కాలంలో రెండు మాటలుగా ఉన్నవి అతుక్కుపోయి భవిష్యత్కాలం అయ్యాయి. సిలబుల్స్ లెక్కపెడితే ఈ అతుకు ఎక్కడ కనిపిస్తుంది?

'ఉచ్చారణ ముఖ్యం' అనే ఇంకొకరు: అతుకు కనిపిస్తే నోరు తిరుగుతుందా అండీ? 'పార్లెర్యోం'లో (వీలుంటే మేం మాట్లాడతాం అనడానికి) చివరి ఇ, ఓం కలిసి ఒకే సిలబుల్, ర్యోం. 'వుద్రియోం'లో (మేం కోరుకుంటాం అని మర్యాదగా అనడానికి) అవే ఇ, ఓం రెండు సిలబుల్స్ అయ్యాయి: ద్రి-యోం. ముందు ద్, ర్ జంటగా ఉన్నాయి కాబట్టి వెంటనే య పలకరు. ప్రత్యయాల పట్టిక బట్టీపట్టిన పిల్లలు ఇక్కడే తడబడతారు.

వ్యాకరణప్రియ: వుద్రియోం విషయం ఒప్పుకుంటున్నాను, నేనది మర్చిపోయాను. కానీ ఈ అబ్బాయి పరీక్ష రాయాలి. నేను, నువ్వు, వాళ్లు మాట్లాడతారు అనే మూడు రూపాలూ చెవికి 'పార్ల్' అనే వినిపిస్తాయి. రాతలో మాత్రం మూడూ వేరు. 'వాళ్లు'కైతే చివర e, n, t అనే అక్షరాలు రాస్తారు, ఒక్కటీ పలకరు. చప్పట్లు కొడితే ఆ మూడక్షరాలు చేతికి రావు.

తమ్ముడూ, నోట్సులో క్రియ రాసి, ముక్కల మధ్య పెన్సిల్‌తో నిలువు గీతలు పెట్టు. కింద లైన్లో మీ సార్ చెప్పినట్టు సిలబుల్స్ రాసుకో. గీతలు ఎక్కడ కలవడం లేదో అక్కడే ఎక్కువసేపు ఆగు.