ఒకటో తరగతికి ఇంగ్లీషులో ఆకారాలు: పేర్లు వచ్చాయి, ‘సైడ్’ దగ్గర ఆగిపోయాం

బడిగంట:
అందరికీ నమస్తే. మాది తెలంగాణలో చిన్న ఊరి ప్రైమరీ స్కూలు, ఒకటి రెండు తరగతులు కలిపి ఇరవై రెండు మంది, చెప్పేది నేనొక్కదాన్నే. సర్కిల్, స్క్వేర్, ట్రయాంగిల్, రెక్టాంగిల్ చార్టు పెట్టి రోజూ చెప్పిస్తే వారంలో పాటలా అప్పజెప్పేశారు, నేనూ సంబరపడ్డాను. నిన్న చార్టు తీసేసి, బోర్డు మీద స్క్వేర్‌ని మూల మీద నిలబెట్టి గీస్తే ఒక్కరూ స్క్వేర్ అనలేదు, అందరూ ‘పతంగి’ అన్నారు. సన్నగా పొడుగ్గా ట్రయాంగిల్ గీస్తే అది ‘మేకు’ అట. ‘హౌ మెనీ సైడ్స్?’ అని అడిగితే ఒకడు లేచి పక్కకి జరిగి నిలబడ్డాడు! 2022-23 నుంచి మనకొస్తున్న పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంటుంది గానీ, వీళ్లకి ఇంకా రెండూ చదవడం రాదు కదా. ముందు తెలుగులో చెప్పాలా, నేరుగా ఇంగ్లీషేనా?

పాత సుద్దముక్క:
మేడం, ఆ పిల్లాడి తప్పేం లేదండి. వాడికి తెలిసిన సైడ్ ఆటోవాళ్లు ‘సైడ్, సైడ్’ అని అరిచే సైడే. రౌండ్ అన్నా అంతే, బండి మీద ఊళ్లో ఒక రౌండేసి రావడం. తెలుగులో కలిసిపోయిన ఇంగ్లీషు మాటలతోనే లెక్కల్లో ఎక్కువ చిక్కు, పిల్లలకి తెలిసిన మాటే కదా అని మనకి అనుమానం కూడా రాదు.
నేనైతే వరండాలో ముగ్గుపిండితో పెద్ద ట్రయాంగిల్ వేసి గీత మీద నడిపిస్తాను. ‘వాక్ ఆన్ ద సైడ్’, మూల రాగానే ‘స్టాప్, కార్నర్’. సర్కిల్ వేస్తే ఆగే చోటే ఉండదు, కళ్లు తిరిగేదాకా తిరుగుతూనే ఉంటారు, ‘నో కార్నర్, సార్’ అని వాళ్లే అరుస్తారు. తెలుగులో మాట్లాడుకోనివ్వండి, ఏం పోదు. కానీ ‘చతురస్రం’ ఇప్పుడే వద్దు, వాళ్లకి స్క్వేర్ కంటే అదే పరాయి మాట.

న్యూజెర్సీ అమ్మ:
మా పాపకి ఇంట్లో తెలుగు తప్ప రాదు, ఇక్కడ కిండర్‌గార్టెన్‌లో ఇంగ్లీషు కొత్తవాళ్ల గ్రూపులో వేశారు. ఏ తరగతికి ఏం రావాలో చెప్పే కామన్ కోర్ అని ఒకటుంది, అమెరికాలో చాలా రాష్ట్రాలు పాటిస్తాయి, అందులో కిండర్‌గార్టెన్‌కే రాసి ఉంది, ఆకారం ఎటు తిరిగి ఉన్నా, ఎంత సైజులో ఉన్నా పేరు చెప్పగలగాలని. అంటే మీ పతంగి గొడవ ఇక్కడా ఉన్నదే. పాప మొదట్లో ‘దిస్ ఈజ్ త్రీ సైడ్స్ ఉంది’ అనేది. వాళ్ల టీచర్ ‘ఇట్ హ్యాజ్ త్రీ సైడ్స్’ అని ఒక్క వాక్యమే పట్టుకుని, అంకె మాత్రం మారుస్తూ రోజూ అనిపించింది, రెండు వారాల్లో కుదిరింది. పేరొక్కటే నేర్పితే వాక్యం రాదండి.

లెక్కల పిచ్చి:
1957లోనే నెదర్లాండ్స్‌లో లెక్కల టీచర్లు వాన్ హీలే దంపతులు చెప్పారు, ఆకారాలు నేర్చుకోవడంలో మొదటి మెట్టులో పిల్లలు భుజాలు, మూలలు లెక్కపెట్టరు, మొత్తం బొమ్మ దేనిలా ఉందో చూస్తారు. కాబట్టి ‘మేకు’ అనడం మామూలే. నిజానికి తప్పంతా చార్టుది, అందులో ట్రయాంగిల్ ఎప్పుడూ ఒకటే, కింద గీత నేలకి ఆనించి బుద్ధిగా కూర్చుంటుంది. రకరకాలవి అట్టలోంచి కత్తిరించి చేతికివ్వండి, కొన్ని కానివి కూడా కలపండి, మూల మూసుకోనిదీ, ఒక గీత వంకర పోయినదీ.
ఇంకోటి, సర్కిల్‌కి బంతినీ లడ్డునీ చూపించకండి, అవి ఉండలు, సర్కిల్ చదునుగా ఉండేది. చేతి గాజు చూపించండి. స్క్వేర్, రెక్టాంగిల్ కోసం సుద్దముక్కల డబ్బాని తడి సుద్దపొడిలో అద్ది నల్లబల్ల మీద ముద్ర వేయించండి, డబ్బా వేరు, దాని ముద్ర వేరని వాళ్లకే తెలుస్తుంది.
సుద్దముక్క గారూ, చతురస్రం వద్దనడం మాత్రం ఒప్పుకోను. ఆ మాట పక్కన పడేస్తే పై తరగతుల్లో రెండు భాషల్లోనూ తడబడతారు.

బడిగంట:
థ్యాంక్సండీ అందరికీ. ఇవాళ పేపరు నలుపలకలుగా కత్తిరించి, వాళ్ల కళ్లముందే కొంచెం కొంచెం తిప్పుతూ ‘ఇప్పుడూ స్క్వేరేనా?’ అని అడుగుతూ పోయాను. సగం తిప్పేసరికి ‘పతంగి!’ అని అరిచారు, ఒక పాప మాత్రం తలకాయ పక్కకి వాల్చి చూసి ‘స్క్వేరే టీచర్’ అంది, ఇంక అందరూ మెడలు వంచేశారు. ముగ్గుపిండి రేపు. రెక్టాంగిల్‌ని ఇంకా ‘రెట్టాంగిల్’ అనే అంటున్నారు, దాని సంగతి తర్వాత చూస్తా.