ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్: ఇంజన్ ఆపి చూస్తే ఫుల్, ఆన్‌లో చూస్తే తక్కువ. ఏది నమ్మాలి?

తొలిగేరు:
ఈమధ్యే పాత ఆటోమేటిక్ సెడాన్ ఒకటి తీసుకున్నాను. పొద్దున స్టార్ట్ చేసి డ్రైవ్ (D)లో వేస్తే వెంటనే కదలదు, కాస్త ఆగి చిన్న కుదుపుతో కదులుతుంది. ఆయిల్ తగ్గిందేమోనని ఇంజన్ ఆపి ఉండగా డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే గీతల పుల్ల) తీస్తే పై గీత దాటి ఉంది. సాయంత్రం నడిపి వచ్చాక ఇంజన్ ఆన్‌లో ఉంచి చూస్తే కింది గీత కూడా అందలేదు. ఏ రీడింగ్ సరైనది? నిండుగా ఉందని వదిలేయాలా, పోయాలా?

పాతకారుప్రేమి:
మీ మాన్యువల్‌లో వేరేలా రాసి ఉంటే తప్ప రెండోదే నమ్మండి. ఇంజన్ తిరుగుతుంటే పంపు ఆయిల్‌ను టార్క్ కన్వర్టర్‌లోకి (ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం), వాల్వ్ బాడీలోకి (ఆయిల్‌ను దారి మళ్లించి గేర్లు మార్చే భాగం), ఆయిల్‌ను చల్లబరిచే కూలర్ పైపుల్లోకి తోస్తుంది. ఆపి ఉంచితే అందులో కొంత మెల్లగా పాన్‌లోకి, అంటే గేర్‌బాక్స్ అడుగున ఉండే తొట్టిలోకి దిగిపోతుంది, అందుకే పొద్దున ఎక్కువ కనిపిస్తుంది. పైగా వేడెక్కితే ఆయిల్ వ్యాకోచిస్తుంది కాబట్టి ఇంజన్ ఆన్‌లో ఉన్నా చల్లటి రీడింగ్‌ను స్టిక్ మీది హాట్ గీతలతో (వేడి ఆయిల్‌కు గుర్తులు) పోల్చకూడదు.

నేను చేసే పద్ధతి: బండి బాగా వేడెక్కేదాకా నడిపి, సమతలంగా ఉన్న చోట ఆపుతాను. హ్యాండ్‌బ్రేక్ వేసి, బ్రేక్ పెడల్ తొక్కి పట్టుకుని లీవర్‌ను ఒక్కో గేర్‌లో రెండు మూడు క్షణాలు ఉంచి మళ్లీ పార్క్ (P)లోకి తెస్తాను. ఇంజన్ ఆన్‌లోనే ఉంచి స్టిక్ తీసి, పీచు రాలని గుడ్డతో తుడిచి, చివరిదాకా దించి మళ్లీ తీస్తాను. గొట్టం గోడలకు అంటిన ఆయిల్ స్టిక్‌కు ఒకవైపు పూసుకుంటుంది. రెండు వైపులా చూసి తక్కువ చూపించే వైపే లెక్క.

హైవేసోలో:
పై పద్ధతి అన్ని బండ్లకూ వర్తించదండీ. మా పాత హోండా మాన్యువల్‌లో ఇంజన్ వేడెక్కాక ఆపేసి, 60 నుంచి 90 సెకన్ల లోపు చూడమని ఉంది. ముందు మాన్యువల్ తెరవండి. కొన్ని డిప్‌స్టిక్‌ల మీదే ఎలా చూడాలో చెక్కి ఉంటుంది.

నీలిబండి:
మా కారుకు అసలు డిప్‌స్టిక్కే లేదు. కొత్త మోడళ్లలో చాలావాటికి ఇంతే. అలాంటప్పుడు?

రెంచిపట్టినచేయి:
వర్క్‌షాప్‌లో రోజూ చేసే పని కాబట్టి చెప్తున్నాను. డిప్‌స్టిక్ లేని గేర్‌బాక్స్‌లలో చాలావాటికి కింద చెక్ ప్లగ్ ఉంటుంది. బండిని లిఫ్ట్ మీద అడ్డంగా, నిలువుగా సమంగా లేపి, ఇంజన్ ఆన్‌లో ఉంచి, స్కానర్‌లో ఆయిల్ ఉష్ణోగ్రత చూస్తాం. కంపెనీ చెప్పిన ఉష్ణోగ్రతకు రాగానే ప్లగ్ విప్పుతాం. సుమారు 40 డిగ్రీల దగ్గర చూడమనే గేర్‌బాక్స్‌లు చాలా ఉన్నాయి, అయినా మీ మోడల్ అంకె మీరు చూసుకోవాల్సిందే. సన్నటి ధార వచ్చి చుక్కలుగా మారితే లెవెల్ సరిపోయినట్టు. ఏమీ రాకపోతే వచ్చేదాకా పోయాలి. చల్లగా ఉండగా ఈ పని చేస్తే వేడెక్కాక ఓవర్‌ఫిల్ అవుతుంది. మరీ వేడిగా ఉంటే అవసరమైన ఆయిల్ కూడా కారిపోయి తక్కువ మిగులుతుంది. స్కానర్, లిఫ్ట్ లేకుండా జాకీ మీద లేపి కిందకు దూరవద్దు, ప్రాణం మీదకొస్తుంది.

తొలిగేరు గారూ, గుడ్డ మీద పడిన మరక ఏ రంగులో ఉంది? ఎర్రగా, పలచగా ఉంటే మంచిదే. నల్లబడి మాడు వాసన వస్తే క్లచ్ ప్లేట్లు అరుగుతున్నాయేమో చూపించాలి. పాలు కలిపినట్టు గులాబీ రంగుంటే నీళ్లో కూలెంటో కలిసిందని అర్థం, ఇక ఆ బండి నడపకండి.

తొలిగేరు:
ఎరుపే, కాస్త ముదురు. మాడు వాసన లేదు. మీరందరూ చెప్పాక మాన్యువల్ చూశాను, ఇంజన్ ఆన్‌లోనే చూడమని ఉంది. అంటే తక్కువున్నట్టే. అర లీటరు పోసేయనా?

రెంచిపట్టినచేయి:
ఒకేసారి వద్దు. చాలా బండ్లలో రెండు గీతల మధ్య తేడా అర లీటరు కంటే తక్కువే. సన్నటి గరాటుతో కొంచెం కొంచెంగా పోసి, ప్రతిసారీ గేర్లన్నీ తిప్పి మళ్లీ చూడండి. ఎక్కువైతే తిరిగే భాగాలు ఆయిల్‌ను చిలికి నురగ తెస్తాయి. నురగలో గాలి ఉంటుంది కాబట్టి ప్రెషర్ నిలవదు, గేర్ జారుతుంది. తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది, ఫలితం అదే. డబ్బా మీద ఎర్ర ఆయిల్ అని చూసి కొనకండి, మాన్యువల్‌లో ఉన్న గ్రేడే కావాలి. డెక్స్‌రాన్ 6 అడిగితే అదే, టయోటా డబ్ల్యూఎస్ అడిగితే అదే. సీవీటీకి (విడివిడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచే ఆటోమేటిక్ రకం) దాని ఆయిల్ వేరు.

పాతకారుప్రేమి:
ఇంకో ముఖ్యమైన మాట. ఇంజన్ ఆయిల్‌లా ఇది కాలి తగ్గదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. రాత్రి బండి కింద అట్ట పరిచి చూడండి.

తొలిగేరు:
అట్ట మీద రేడియేటర్ వైపున ఎర్ర మరక పడింది. కింద నుంచి టార్చి వేస్తే కూలర్ పైపు రేడియేటర్‌కు కలిసే చోట తడి కనిపించింది, దుమ్ము అంటుకుని ముద్దలా ఉంది. కొంచెం పోసి హాట్ గీతల మధ్యకు తెచ్చాను. పొద్దున కుదుపు తగ్గింది, కానీ పూర్తిగా పోలేదు. వర్క్‌షాప్‌కు వెళ్లేలోపు నడపొచ్చా?

రెంచిపట్టినచేయి:
దగ్గరే అయితే, లెవెల్ చూసుకుని నెమ్మదిగా వెళ్లండి. చుక్కలు కాకుండా ధారగా కారుతుంటే మాత్రం స్టార్ట్ చేయకండి, టో చేయించండి. ముందుగా ఆ పైపు బిగింపు, సీలు చూపించండి. లీక్ ఆగాక కూడా కుదుపు ఉంటే అప్పుడు ఆయిల్, ఫిల్టర్ మార్పు గురించి మాట్లాడుకుందాం.