సూత్రం ముందే చెప్పకుండా ఆన్‌లైన్ పాఠం: ఆసరా ఎప్పుడు ఇవ్వాలి?

శ్రీకాకుళం జిల్లా లెక్కల టీచర్ల కోసం మూడిల్ అనే ఆన్‌లైన్ కోర్సుల సాఫ్ట్‌వేర్‌లో నిష్పత్తుల మీద కోర్సు తయారు చేస్తున్నాం. ఎవరి అవగాహన వాళ్ళే కట్టుకోవాలన్న నిర్మాణవాదమే దీనికి ఆధారం. 80 కిలోల జీడిపిక్కల బస్తాకు గుండు (నిండు పప్పు) ఎంత, బద్ద ఎంత, ముక్క ఎంత దిగుతుందో పలాసలో కనుక్కుని, నిష్పత్తి వాళ్ళే రాబట్టాలి.

చర్చకు ప్రశ్నోత్తరాల రకం వేదిక పెట్టాం. తన జవాబు రాస్తేగాని పక్కవాళ్ళది కనబడదు, కాపీకి అవకాశం లేదు. చిక్కల్లా ఏమిటంటే, జవాబు దిద్దుకునే గడువు మామూలుగా 30 నిమిషాలు. అది ముగిశాకే మిగతావి తెరుచుకుంటాయి. ఈలోపు వెళ్ళిపోయినవాళ్ళు మళ్ళీ రావడం లేదు, అసలైన చర్చే జరగడం లేదు. గడువు తగ్గిద్దామంటే అది సైటంతటికీ ఒకటే అమరిక, మిగతా కోర్సులకూ మారిపోతుంది.

రెండో చిక్కు ఇంకా ముఖ్యం, అది ఆసరా గురించి. దారి చూపకుండా వదిలేస్తే కొత్తవాళ్ళ పనిజ్ఞాపకం (ఆలోచిస్తున్నంతసేపు విషయాల్ని మనసులో పట్టి ఉంచే శక్తి) మీద మోయలేని భారం పడుతుందని విద్యా మనస్తత్వ పరిశోధకులు కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ 2006లో చేసిన విమర్శ మాకు సబబుగానే తోస్తోంది. అందుకని సగం చేసి చూపిన లెక్క ముందుగా ఇచ్చి, తర్వాత మెట్లు ఒక్కొక్కటే తీసేయాలనుకుంటున్నాం. ఏ మెట్టు ముందు తీయాలి, చివరిదా మొదటిదా? రాసినవాళ్ళు మర్నాడు తిరిగొచ్చి చదివేలా ఏ పని అప్పగించాలి? ఇలాంటి కోర్సు నడిపినవారు దయచేసి చెప్పండి.